గుడిస కొండకి థార్‌లో వెళ్లాలంటే: వించ్ సంగతి తర్వాత, ముందు గాలి మీటరు కొనండి

మీరు అడిగింది ఇది: రాజమండ్రిలో ఉంటారు, సెకండ్ హ్యాండ్‌లో మహీంద్రా థార్ డీజిల్ ఫోర్ బై ఫోర్ (ఇంజిన్ బలం నాలుగు చక్రాలకీ ఇవ్వగలిగే బండి) తీసుకున్నారు. నవంబరులో నలుగురు స్నేహితులు కలిసి మారేడుమిల్లి మీదుగా గుడిస, వీలైతే ఆ చుట్టుపక్కల మట్టిదారులు తిరగాలని ఉంది. చేతిలో యాభై వేలు ఉన్నాయి. వించ్ (దిగబడ్డ బండిని తాడుతో లాగే మోటారు), లిఫ్ట్ కిట్ (బండి ఎత్తు పెంచే సామాను), స్నార్కెల్ (ఇంజిన్ గాలి పీల్చే గొట్టాన్ని పైకి తెచ్చేది), రూఫ్ మీద లైట్ బార్, వీటిలో ఏది ముందు?

నన్నడిగితే ఏదీ వద్దు. ఎందుకో చెప్తాను, కాస్త పెద్ద సమాధానమే.

నేను పన్నెండేళ్లుగా సెల్ టవర్ల మెయింటెనెన్స్ పని మీద మన్యంలో తిరుగుతున్నాను. బండి బొలెరో క్యాంపర్ ఫోర్ బై ఫోర్. టవరేమో గుట్ట మీద ఉంటుంది, దారేమో ఏటా వానలకి కోసుకుపోతుంది. సరదాకి వెళ్లింది తక్కువ, బ్యాటరీలు, డీజిల్ డబ్బాలు వేసుకుని డ్యూటీకి వెళ్లిందే ఎక్కువ. కాబట్టి బురద ఎగజిమ్మే వీడియోల స్టయిల్ నా దగ్గర లేదు. సాయంత్రానికి బండీ, మనుషులూ ఇంటికి చేరాలి. నా లెక్క అంతే.

మీ బండి సెకండ్ హ్యాండ్ కాబట్టి మొదట టైర్ల దగ్గరికి వెళ్లి వంగి చూడండి. టైరు పక్కగోడ మీద డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైంది అని. ఇంత పాత టైరుకి గాట్లు బాగానే ఉన్నా రబ్బరు బిగుసుకుపోయి ఉంటుంది, తడి రాయి మీద సబ్బు రాసినట్టు జారుతుంది. అలాంటివి ఉంటే మీ యాభై వేలలో పెద్ద వాటా అక్కడికే పోనివ్వండి. హైవే టైర్లు కాకుండా ఆల్ టెరైన్ రకం (తారుకీ మట్టికీ పనికొచ్చేవి), కంపెనీ ఇచ్చిన సైజులోనే వేయించండి. మడ్ టెరైన్ (బురద కోసమే చేసినవి) వద్దు. మీరు నెలలో ఇరవై ఎనిమిది రోజులు తారు రోడ్డు మీదే తిరుగుతారు. ఆ టైర్లు అక్కడ హోరు పెడతాయి, వానలో బ్రేక్ కొడితే దూరం పోయి ఆగుతాయి.

తర్వాత కొనాల్సింది గాలి మీటరు, బ్యాటరీకి నేరుగా క్లిప్పులు పెట్టే గాలి కంప్రెసర్. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే చిన్నవి వద్దు. అంత పెద్ద టైరు నింపేలోపు కంప్రెసర్ వేడెక్కి ఆగిపోతుంది, లేదంటే ఫ్యూజు పోతుంది.

ఈ రెండింటికీ ఇంత ప్రాధాన్యం దేనికంటే, మట్టిదారి మీద బండి పట్టు ఇంజిన్‌లో కన్నా టైర్లోని గాలిలో ఎక్కువ ఉంటుంది. నమ్మకం లేకపోతే ఇంటి దగ్గరే చూడండి. తడి నేల మీద నాలుగడుగులు బండి పోనిచ్చి టైరు అచ్చు చూడండి. తర్వాత గాలి 18 పీఎస్ఐకి (గాలి మీటరు చూపించే ఒత్తిడి అంకె) దించి మళ్లీ అదే నేల మీద పోనివ్వండి. అచ్చు వెడల్పు పెద్దగా మారదు, పొడవు మాత్రం బాగా సాగుతుంది. అంటే అదే బరువు ఎక్కువ నేల మీద పరుచుకుంటోంది. దిగబడటం తగ్గుతుంది, రాయి మీదకి ఎక్కినప్పుడు టైరు దాన్ని పట్టుకున్నట్టు వంగుతుంది, లోపల కూర్చున్నవాళ్ల నడుములూ బతుకుతాయి.

నేను వాడే అంకెలు ఇవి. డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసిన గాలి తారు రోడ్డుకి. రాళ్ల దారికి 22 నుంచి 24. బురదకి 18. ఏటి ఇసుకకి 15. అంతకన్నా దించితే మలుపులో టైరు రిమ్ము మీద నుంచి ఊడే ప్రమాదం ఉంది. కొండ మీద దాన్ని మళ్లీ ఎక్కించడం మీ వల్లా కాదు, నా వల్లా కాదు. రాళ్ల దగ్గర మరీ దించొద్దన్నది ఇంకో కారణానికి: గాలి తగ్గినకొద్దీ పక్కగోడ బయటికి ఉబుకుతుంది, కత్తిలాంటి రాయి దానికే తగులుతుంది. గాట్లున్న భాగంలో మేకు దిగితే పంచర్ కిట్‌తో అక్కడే సరిచేసుకోవచ్చు. పక్కగోడ చిరిగితే ఆ టైరు పని అయిపోయినట్టే, స్టెప్నీ వేయాల్సిందే. గాలి తగ్గించి ఉన్నంతసేపూ వేగం గంటకి 30, 40 కిలోమీటర్లు దాటనివ్వకండి. తారు రోడ్డు ఎక్కేముందు ఆగి నింపుకోండి. నాలుగు టైర్లకీ కలిపి పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. అందరూ విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

ఇక బండిని లాగే సామాను. మీరు అడగకపోయినా దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను. ఎందుకంటే ఈ సరదాలో లోయల్లో పడే కాదు, తాళ్లు తెగి కూడా మనుషులు పోతారు.

ఆరేళ్ల కిందట, ఆగస్టులో, ఒక టవర్ దారిలో మా బండి ఇరుసు దాకా దిగబడింది. దగ్గరి ఊరి నుంచి ట్రాక్టర్ వచ్చింది. నా దగ్గర లారీల లోడు బిగించే నైలాన్ తాడు ఉంది. దాన్ని రెండు పేటలు చేసి, మా బండి ముందు కింద కనబడిన ఒక ఇనప కొక్కేనికి తగిలించాను. అది లాగడానికి పెట్టింది కాదు, బండిని ట్రాలీ మీద ఎక్కించినప్పుడు కదలకుండా కట్టడానికి పెట్టిన కొక్కెం. నాకు ఆ తేడా తెలియదు. ట్రాక్టర్ తాడు వదులుగా ఉండగానే ఒక్క గుంజు గుంజింది. టప్ మని శబ్దం. కొక్కెం బోల్టుతో సహా ఊడి తాడుతో పాటే ఎగిరిపోయి ట్రాక్టర్ మడ్‌గార్డ్ రేకుని చీల్చుకుంటూ పోయింది. డ్రైవర్ దిగొచ్చి, రేకు చిరిగిన చోటికీ తన సీటుకీ మధ్య చెయ్యి పెట్టి కొలిచాడు. "జానెడు సార్" అని నవ్వాడు. నాకు ఆ రోజు అన్నం సహించలేదు. తప్పు పూర్తిగా నాదే. రేకు బాగుచేయించి ఇచ్చాను. ఆ వారమే సరైన సామాను కొన్నాను.

అందుకని ముందు మీ బండి మాన్యువల్ తీసి, ఛాసిస్‌కి బిగించిన అసలైన టో హుక్ ముందు ఎక్కడుందో, వెనక ఎక్కడుందో చూసి చేత్తో పట్టుకుని గుర్తుపెట్టుకోండి. తాడు దానికి తప్ప దేనికీ తగిలించకండి. ట్రాలీ తగిలించే గుండు కొక్కేన్ని అసలే వాడొద్దు, అది విరిగితే ఫిరంగి గుండే. దిగబడ్డ బండిని లాగడానికి సాగే తాడు కావాలి, దాన్ని కైనెటిక్ రోప్ అని అమ్ముతారు. నైలాన్‌తో చేస్తారు, ముప్పై శాతం దాకా సాగి, బండిని మెత్తగా పీకుతుంది. మనుషులు, సామానుతో మీ బండి రెండు టన్నులు దాటుతుంది, కాబట్టి తాడు తెగే బరువు ఆరు నుంచి ఎనిమిది టన్నులు ఉన్నది తీసుకోండి. దాంతో పాటు 4.75 టన్నులు అని ఒంటి మీద పోతపోసిన విల్లు షాకిళ్లు (తాడుని హుక్‌కి కలిపే, పిన్ను ఉన్న ఇనప కొలికిలు) రెండు. అంకె లేని షాకిల్ ఎంత మెరిసినా వద్దు. పిన్ను పూర్తిగా బిగించి, పావు చుట్టు వెనక్కి తిప్పండి, లేకపోతే లోడు పడ్డాక బిగుసుకుపోయి ఊడిరాదు.

లాగేటప్పుడు తాడు మధ్యలో తడి గోనెసంచో, మందపాటి జాకెట్టో వేయండి. తెగినా దాని బరువుకి తాడు కిందికి కుంగుతుంది. తాడు పొడవుకి ఒకటిన్నర రెట్ల దూరంలోపు ఎవరూ నిలబడకూడదు, ఫోన్‌లో వీడియో తీసేవాళ్లు ముఖ్యంగా. డ్రైవర్లకి చెయ్యి ఊపి చెప్పే మనిషి ఒక్కడే ఉండాలి. నలుగురు నాలుగు వైపుల నుంచి "రానీ రానీ" అంటే ఎవరి మాట వినాలి?

నిజానికి పది సార్లలో ఎనిమిది సార్లు తాడు దాకా వెళ్లక్కర్లేదు. చక్రం తిరుగుతోంది, బండి కదలట్లేదు అని తెలిసిన క్షణం యాక్సిలరేటర్ వదిలేయండి. ఇంకో పది సెకన్లు తొక్కితే చక్రం తన గొయ్యి తానే తవ్వుకుంటుంది, బండి పొట్ట నేలకి ఆనుతుంది. దిగి చూడండి. చక్రం ముందున్న మట్టిని పారతో వాలుగా తవ్వండి, పొట్ట కింద మట్టి లాగేయండి, గాలి ఇంకో మూడు పాయింట్లు, 15కి తగ్గకుండా, దించండి, చక్రం కింద రాళ్లు పేర్చండి. తర్వాత ఫోర్ లోలో (నాలుగు చక్రాలకీ వేగం తక్కువ, బలం ఎక్కువ ఇచ్చే స్థానం), రెండో గేరులో, మెల్లగా. చిన్న పార, గునపం, జాకీ కింద వేయడానికి అడుగు చదరం మందపాటి చెక్క, ఇవి అన్నీ కలిపి వెయ్యి రూపాయల సామాను. ఆ చెక్క లేకపోతే బురదలో జాకీ బండిని పైకెత్తదు, తానే కిందికి పోతుంది.

వించ్ ఎందుకు వద్దన్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. మంచిది కొనాలంటే మీ బడ్జెట్ చాలదు, చవకది ప్రాణం మీదకి తెస్తుంది, బిగించాలంటే బంపర్ మార్చాలి. పైగా బంపర్ గార్డులు చట్టవిరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. లిఫ్ట్ కిట్, పెద్ద టైర్ల సంగతీ అంతే. ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ వాళ్లు ముందు చూసేది అదే. లైట్ బార్ అయితే మారేడుమిల్లి పొగమంచులో తెల్లగోడ మీద టార్చి కొట్టినట్టు ఉంటుంది, మీకే కళ్లు చెదురుతాయి. మంచులో డిమ్ లైట్లు, ఫాగ్ లైట్లు చాలు.

నడపడం గురించి. మీ థార్‌లో గేరు రాడ్డు పక్కనుండే రెండో లివర్‌కి, అదే ట్రాన్స్‌ఫర్ లివర్‌కి, టూ హై (వెనక చక్రాలకే బలం), ఫోర్ హై (నాలుగింటికీ), న్యూట్రల్, ఫోర్ లో ఉంటాయి. పొడి తారు రోడ్డు మీద ఫోర్ హైలో మలుపు తిప్పితే బండి పట్టేసినట్టు గెంతుతుంది. ముందు, వెనక ఇరుసులు ఒకే వేగంతో తిరగాల్సి వచ్చి లోపలి గేర్ల మీద ఒత్తిడి పెరుగుతుంది. కాబట్టి మట్టి మీదే వాడండి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: ట్రాన్స్‌ఫర్ లివర్ న్యూట్రల్‌లో ఉంటే, బండిని ఫస్ట్ గేరులో వేసి దిగినా అది నిలవదు, దొర్లిపోతుంది. వాలులో ఆపినప్పుడు ఆ లివర్ ఎక్కడుందో చూసి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రం కింద రాయి పెట్టి మరీ దిగండి.

దిగుడు దారిలో ఫోర్ లో, ఫస్ట్ గేరు, పాదం క్లచ్ మీద నుంచి తీసి నేల మీద పెట్టండి. ఇంజినే బండిని పట్టి ఆపుతుంది. భయపడి క్లచ్ తొక్కారా, ఆ పట్టు పోతుంది. బ్రేక్ గట్టిగా తొక్కారా, చక్రాలు బిగుసుకుని బండి జారుడుబల్ల ఎక్కినట్టు పోతుంది. ఎక్కుతూ ఎక్కుతూ మధ్యలో ఆగిపోతే బండిని అడ్డంగా తిప్పి దిగుదామని అస్సలు చూడొద్దు, దొర్లేది అలాగే. రివర్స్ గేరు వేసి, వచ్చిన దారినే, తిన్నగా వెనక్కి. స్టీరింగ్ పట్టుకున్నప్పుడు బొటనవేళ్లు లోపలికి పెట్టకండి, చక్రం మీద పైనే ఉంచండి. ముందు చక్రం రాయికి తగిలి స్టీరింగ్ గిర్రున తిరిగితే లోపలున్న వేలు విరుగుతుంది. ఫోర్ బై ఫోర్ కాబట్టి బాగా ఆగుతుంది అనుకునేవాళ్లనీ చూశాను. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకే ఉంటాయి కదండీ.

నల్లరేగడి ఒక్కటీ వేరే జాతి. మన కొండదారుల్లో ఎర్రమట్టి, రాళ్లు ఎక్కువ, అవి ఎంతో కొంత సహకరిస్తాయి. కింద మైదానంలో రేగడి చేల మధ్య బండ్ల బాటలో వాన పడ్డాక దిగితే ఆ మట్టి టైరు గాట్లు మొత్తం నింపేసి గుండ్రని బండలా చేస్తుంది. ఏ టైరైనా ఒకటే. ఆరేదాకా ఆగడమే దానికి మందు.

వాగులు. థార్ నీళ్లలో 650 మిల్లీమీటర్ల లోతు దాకా పోగలదని కంపెనీ చెప్తుంది. ఆ అంకె నిలకడ నీటికి, గట్టి అడుగుకి. పారే నీటికి కాదు. 30 సెంటీమీటర్ల ప్రవాహం చిన్న కార్లని తేలుస్తుంది, 60 అయితే థార్‌లాంటి బండ్లని కూడా లాక్కుపోతుంది. బరువుగా ఉందన్న ధైర్యం అక్కడ పనిచేయదు. నా పద్ధతి: నీళ్లు నెమ్మదిగా, తేటగా ఉండి, మోకాలికి తక్కువ అనిపిస్తేనే కర్ర పట్టుకుని దిగి చక్రాలు పోయే రెండు వరుసలూ నడిచి చూస్తాను. ఎర్రనీళ్లు వచ్చినా, కొమ్మలు, ఆకులు కొట్టుకొస్తున్నా దిగను, బండిని దించను. మన దగ్గర ఎండ కాస్తుండగా వాగు పొంగుతుంది, ఎందుకంటే వాన పైన కొండల్లో పడి ఉంటుంది. అలాంటప్పుడు బండి వెనక్కి తీసి ఎత్తు మీద పెట్టి కూర్చుంటాను. చిన్న వాగులు చాలాసార్లు రెండు మూడు గంటల్లో తగ్గుతాయి. ఒకసారి అలా కూర్చుంటే అవతలి గట్టున ఉన్న కొండరెడ్డి తెగ పెద్దాయన ఒకాయన నన్ను చూసి, రావొద్దని చెయ్యి ఊపి, తానూ కూర్చున్నాడు. సాయంత్రం ఆయన లేచి పంచె ఎగ్గట్టి దాటుకుంటూ వచ్చాక నేను బండి స్టార్ట్ చేశాను.

దిగాక ఫోర్ లో, ఒకే గేరు, మనిషి వడిగా నడిచేంత వేగం. ముందు చిన్న అల లేస్తుంది, దాని వెనకే పోవాలి. మధ్యలో గేరు మార్చొద్దు. ఇంజిన్ ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. ఇది మీ స్నేహితులు నలుగురితోనూ అనిపించండి. గాలితో పాటు నీళ్లు సిలిండర్లోకి వెళ్లి ఉంటే, నీరు నొక్కుకుపోదు, లోపల కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఆ సెల్ఫ్ ఖర్చు లక్షల్లో ఉంటుంది. తాడు కట్టి బయటికి లాగి మెకానిక్‌కి చూపించండి. స్నార్కెల్ గాలి పీల్చే గొట్టాన్ని పైకి తెస్తుంది, అంతవరకే. బండి తేలిపోకుండా ఆపదు, డోర్లోంచి నీళ్లు రాకుండా ఆపదు. గట్టెక్కాక కాసేపు బ్రేక్ నొక్కుతూ పోయి ఆరబెట్టుకోండి. ఇంటికి వచ్చాక ఇరుసు ఆయిల్ చూపించండి, పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు చేరాయని, మార్చాల్సిందే.

గుడిస దగ్గర ఇంకో ప్రమాదం ఉంది, నీళ్లకి పూర్తిగా ఎదురైంది. పైన అంతా గడ్డి మైదానం. చలికాలం ముదిరేకొద్దీ ఆ గడ్డి ఎండుతుంది. బీఎస్ 6 (కొత్త కాలుష్య నియమాల ప్రకారం చేసిన) డీజిల్ బండ్లకి పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది అప్పుడప్పుడు తనంతట తాను ఆ మసిని కాల్చుకుంటుంది, ఆ సమయంలో లోపల 600 డిగ్రీల దాకా వేడి. మోకాలెత్తు ఎండుగడ్డి మీద అలాంటి బండి ఆపి ఫోటోలు దిగుతుంటే ఏమవుతుందో ఊహించుకోండి. నేల కనబడే చోట మాత్రమే ఆపండి, ఎక్కినదారి వదిలి గడ్డిలోకి పోనివ్వకండి. రెండు కేజీల పొడి రకం మంటలార్పే సిలిండర్ డ్రైవర్ చేతికి అందేలా ఉండాలి, డిక్కీ అడుగున కాదు. అక్కడి చుట్టుపక్కల పోడు చేలు కూడా ఉంటాయి. పైరు లేనట్టు కనబడినా అది ఒకరి పొలం.

మిగతావి త్వరగా. కొండల్లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు (టవర్ల పని చేసేవాడిని, నా మాట నమ్మొచ్చు), మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి ఫోన్ చేస్తారో ఇంట్లో చెప్పండి. తాగునీళ్లు మనిషికి ఐదు లీటర్లు. తలకి కట్టుకునే లైటు, ప్రథమ చికిత్స డబ్బా, దోమల మందు. సీట్ల వెనక పెట్టిన జాకీ, గునపం బెల్టుతో బిగించండి, బండి ఒరిగితే అవే ముందు తలకి తగిలేవి. బరువైనదేదీ పైకప్పు మీద పెట్టొద్దు. వీలైతే రెండో బండి తోడు ఉండాలి. లేకపోతే తారు రోడ్డుకి నడిచి రాగలిగినంత దూరమే వెళ్లండి. అడవిలోకి ఎక్కడి దాకా వదులుతారో, రాత్రి ఉండనిస్తారో లేదో మారేడుమిల్లిలో అటవీ శాఖ వాళ్లని అడిగే బయల్దేరండి. ఆ రూల్స్ మారుతుంటాయి.

ఇంకో సలహా, ఇది మీకు నచ్చకపోవచ్చు. మొదటిసారి మీ బండిని మారేడుమిల్లిలో వదిలి స్థానిక జీపులో పైకి వెళ్లండి. ముందు సీట్లో కూర్చోండి. కొండ చూడొద్దు, డ్రైవర్ చేతులు చూడండి. ఏ మలుపుకి ముందే గేరు దించుతున్నాడు, ఏ రాయిని పొట్ట కిందికి రాకుండా చక్రంతోనే ఎక్కిస్తున్నాడు, ఎక్కడ ఆగి ఎదుటి జీపుకి దారి ఇస్తున్నాడు. వీడియోల కన్నా ఎక్కువ నేర్చుకుంటారు. తర్వాతి నెల మీ బండితో వెళ్లండి.

అంతకు ముందే ఒక ఆదివారం ఇంటి ముందు నలుగురూ తలా ఒకసారి స్టెప్నీ విప్పి టైరు మార్చండి. సెకండ్ హ్యాండ్ బండ్లలో జాకీ ఉండి వీల్ స్పానర్ లేకపోవడం నేను మూడుసార్లు చూశాను. మీ దాంట్లో ఉందో లేదో ఇప్పుడే కిందికెళ్లి చూసి చెప్పండి.